బంతి నందుకొను బాలుడు

ఈ సంవత్సరము మన ఆటస్థలమున పుట్టిన యొక వాదము తరగతి గదులలోనికిని వచ్చినది. తొమ్మిదవ తరగతిలో భద్రాచలము వైపు అడవి గూడెమునుండి వచ్చి వసతిగృహమున నుండు బాలు డొకడు కలడు. ఎంత వేగముగా వచ్చిన బంతినైనను పాదముతో నణచి, తలయెత్తి చూచి, తోటివాని కందించును. తాను గోలు చేయుట మాత్ర మరుదు. “గోలు చేయనివాడు ముందువరుసలో నెందుకు?” అని కొందరు, “వాడు లేనిచో మనకు బంతియే రాదు” అని కొందరు. ఆటలు నడుపు నేను మొదటి పక్షమువాడనై, వానిని ఎడమయంచున నిలిపి, మూడు పోటీలలో సగమాటకే వెలుపలికి పిలిచితిని.

ఈ వాదమునకు తగిన పాఠము హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్రలోనే యున్నది. సయ్యద్ అబ్దుల్ రహీము గారు మొదట బడిపంతులు. పిమ్మట హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకులైరి. బాలురకు ఆయన పెట్టించిన పోటీలు విచిత్రమైనవి. ఒకదానిలో బంతిని కాలితో నడిపించుకొనిపోరాదు, అందిన వెంటనే పంపవలెను. మరియొకదానిలో బలము లేని కాలితోనే తన్నవలెను. బంతి నందుకొని విడుచుటయు నొక విద్యయేయని ఆయన యెరుగును.

ఆయన తీర్చిన యువకులలో తులసీదాస్ బలరాం ఒకరు. 1936లో సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టి, 1956లో ఇరువదేండ్ల ప్రాయమున మెల్బోర్న్ ఒలింపిక్ జట్టుతో వెళ్ళిరి. ఆ జట్టు నాలుగవ స్థానము పొందెను. బలరాం గారిని ఒకప్పుడు ఎడమయంచున, ఒకప్పుడు నడుమ, ఒకప్పుడు ఆ రెంటికిని మధ్య ఆడించిరి. 1960లో రోము నగరమున హంగేరీ మీదను, పెరూ మీదను గోలులు చేసినది ఆయనయే. 1962 జకార్తా ఆసియా క్రీడలలో జపాను మీద నొకటి చేసిరి. కాని కడపటి పోటీలో దక్షిణ కొరియాను 2–1గా గెలిచి స్వర్ణము తెచ్చిననాడు గోలులు చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గార్లు. జర్నైల్ గారు నిజమునకు వెనుకవరుస రక్షకులు; తలకు కుట్లు పడినవారిని రహీము గారు ముందువరుసకు తెచ్చిరి! అట్టి సాహసము నాకు లేదు.

ఐతే ఎచ్చటనైనను ఆడగలవానికి ఏ చోటును సొంతము కాదు. ఇది నాకు బాధ కలిగించు విషయము. చునీ గోస్వామి, బెనర్జీ గార్లకు తరువాత పద్మశ్రీ లభించెను. 1962లో అర్జున పురస్కార మందిన బలరాం గారికి, 2023లో మరణించువరకును, అది లభింపలేదు. ఊపిరితిత్తుల వ్యాధిచే 1963లోనే, ఇంకను యువకులై యుండగానే, ఆట విడిచిరి. ఆ యేటనే రహీము గారును గతించిరి.

ఇది చదివిన పిమ్మట మన బాలుని పిలిచి, “నీ కెక్కడ ఆడవలెనని యున్నది?” అని యడిగితిని. అంతకుముందు అడుగవలెనని నాకు తోచనే లేదు. “నడుమనైతే అందరును కనబడుదు రయ్యా” అనెను. పొరుగు పాఠశాలతో జరిగిన పోటీలో నడుమ నిలిపితిని, కడవరకు వెలుపలికి పిలువలేదు. 2–1గా ఓడితిమి. మన యొక్క గోలునకును బంతి పంపినది వాడే. ఇప్పుడు మా ఆటల పుస్తకమున గోలు చేసినవాని పేరు ప్రక్కన, బంతి నందించినవాని పేరును వ్రాయుచున్నాము.