వేసవికాలమున పశువులను, కావలికుక్కలను సంరక్షించు విధము

యాసంగి కోతలు ముగిసి కళ్లములు తీసిన పిదప మృగశిర కార్తె వచ్చువఱకు రైతునకు కొంత తీరిక యుండును. ఎడ్లకు మాత్ర మంతగా నుండదు. చెలకలకు పెంట తోలుట, చెఱువుమన్ను తోలుట, కట్టెలు తెచ్చుట మొదలగు బండిపనులు ఈ యెండలలోనే జరుగును. అదే సమయమున పచ్చిమేత కఱవగును, కుంటలు ఎండిపోవును. ఇట్లు పని హెచ్చి, మేతయు నీరును తగ్గిన దినములలో ఎడ్లు చిక్కిపోవును. తొలకరి వాన కురిసిన నాడు వానిని నాగలికి గట్టగా, నాలుగు సాళ్లు తిరుగకముందే రొప్పుచు నిలిచిపోవును. చెలక భూములలో విత్తు పదను కొద్ది దినములకు మించి నిలువదు. ఆ పదను తప్పినచో రైతు మఱియొక వానకై యెదురుచూడవలసినదే. కావున వేసవిలో ఎడ్లను కాపాడుట యనగా తొలకరి పదనును కాపాడుటయే యగును. ట్రాక్టరుతో దున్నించుకొను వారికి సైతము ప్రత్తి సాళ్ల నడుమ గుంటక తోలుటకు పలుచోట్ల ఎడ్లే యాధారము. పాడి గలవారికి గేదెలే రొక్కపు రాబడి.

ఎండ పశువును బాధించు తీరు

ఆరోగ్యముగా నున్న ఎద్దు, ఆవు, గేదెల దేహోష్ణము సుమారు 101 మొదలు 102 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా ఇంచుమించు 38.5 సెంటిగ్రేడు డిగ్రీలుండును. గాలి ఇంతకంటె చల్లగా నున్నంతవఱకు దేహములోని వేడి గాలిలోనికి పోవుచుండును. కాని రామగుండము, కొత్తగూడెము, నల్లగొండ ప్రాంతములయందు వేసవిలో గాలియొక్క వేడి 45 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరు దినములు గలవు. అట్టి దినములలో గాలియే పశువుకంటె వేడిగా నుండును. అప్పుడు దేహమునుండి వేడి బయటికి పోవుటకు మాఱుగా, వడగాలినుండి దేహములోనికే వచ్చును.

అప్పుడు పశువునకు మిగిలిన మార్గ మొక్కటే. మంటికుండ చెమర్చి లోని నీటిని చల్లబఱచునట్లు, చర్మముపైని చెమటయు, ఊపిరితో వచ్చు తేమయు ఆవిరియగుచు దేహపు వేడిని తీసికొనిపోవును. ఈ రెంటికిని నీరే మూలము. నీరు చాలనిచో చెమట తగ్గును. చెమట తగ్గినచో వేడి లోపలనే నిలిచిపోవును. ఈ యొక్క సంగతిని గ్రహించిన రైతునకు ఈ క్రింది నియమములన్నియు తమంతట తామే బోధపడును.

పశుజాతులన్నియు ఎండ నొక్కరీతిగా నోర్వజాలవు. ఒంగోలు జాతి యెడ్లును, పూర్వము హైదరాబాదు సంస్థానములోని బీదరు మండలమున ప్రసిద్ధి కెక్కిన దేవని జాతి యెడ్లును వదులైన చర్మము, గంగడోలు గలవై, బాగుగా చెమర్చి ఎండ నోర్చుకొనును. జెర్సీ, హోల్‌స్టీన్ మొదలగు శీతలదేశపు జాతుల సంకరము వలన పుట్టిన ఆవులు అంతగా నోర్వలేవు. గేదె సంగతి మఱియు కష్టము. దాని చర్మము నలుపు, వెండ్రుకలు పలుచన. అందుచే ఎండవేడిని మిక్కిలిగా గ్రహించును. చెమట పట్టించు గ్రంథులు ఆవుకంటె చాల తక్కువ. గేదె నీటిలో పడియుండుట సోమరితనము గాదు. దేహము తనకు సమకూర్పని చెమటను అది చెఱువునుండి యెరువు తెచ్చుకొనుచున్నది.

నీరు

పెద్ద యెద్దునకు వేసవిలో దినమునకు సుమారు 50 మొదలు 60 లీటర్ల నీరు కావలెను. పాలిచ్చు గేదెకు 70, 80 లీటర్లైనను పట్టును. ఉదయము సాయంకాలము రెండుమార్లు బావికి తోలుకొనిపోయి త్రాగించుట వేసవిలో చాలదు. కొట్టమునొద్ద గాబు గాని, గోలెము గాని కట్టి ఎల్లవేళల నీరు నింపి యుంచవలెను. ఆ గాబు నీడలో నుండవలెను. ఎండకు కాగిన నీటిని పశువు ఇష్టముగా త్రాగదు. రాత్రి ఎండుమేత మేయు పశువునకు రాత్రియందును నీ రందవలెను. వారమున కొకమారు గాబును కడిగి లోపల సున్నము పూయుట మంచిది. చెమటతో పోయిన ఉప్పును పూరించుటకు కుడితిలో దినమునకు 30 గ్రాముల ఉప్పు కలుపవలెను.

చెమర్చి రొప్పుచు వచ్చిన ఎద్దునకు నీరు పట్టింపరాదని కొందఱు గంటలకొలది దప్పికతో నిలుపుదురు. ఇది పొరపాటు. ఎద్దును కాడినుండి విప్పి నీడన గట్టి, రొప్పు కొంచెము తగ్గగానే కొద్దికొద్దిగా పలుమాఱులు నీరు త్రాగింపవలెను. అప్పటికే నీరు పోగొట్టుకొన్న దేహమునకు నీరు నిరాకరించుట వడదెబ్బను పిలుచుటయే.

అడుగంటిన కుంటలో గేదెలను పొరలనిచ్చుట మేలేగాని, ఆ మురికినీటిని త్రాగనిచ్చుట కీడు. కుంట యంచుల మొలచు పచ్చికకు, నత్తల మూలమున వ్యాపించు కాలేయపు జలగల పిల్లలు అంటియుండును. చెఱువు లేనిచోట గేదెలపై దినమునకు మూడు నాలుగు మార్లు నీరు చల్లవలెను. చల్లుట గాలి యాడు నీడలో జరుగవలెను. గాలి లేనిచో నీరు ఆవిరి గాదు, ఆవిరి గానిచో చల్లదన ముండదు.

నీడ

కొట్టములకన్నిటికంటె వేప, కానుగ, చింత చెట్ల నీడ మేలైనది. కొట్టము కట్టుకొనువారు దాని నిడుపును తూర్పుపడమరలుగా నుంచినచో ఉదయపుటెండ, సాయంకాలపుటెండ లోనికి మిక్కిలిగా చొరవు. రేకుల కప్పు మధ్యాహ్నమునకు పెనమువలె కాగి క్రిందనున్న పశువులపై వేడిని క్రుమ్మరించును. కాబట్టి కప్పు ఎత్తుగా నుండవలెను. రేకులకు పైతట్టున తెల్లసున్నము పూయవలెను, లేదా క్రిందితట్టున తాటియాకు పందిరి వేయవలెను. వంటపొయ్యి దాపుననున్న కొట్టముపై గడ్డి పఱచుట అగ్నిభయమునకు చోటిచ్చును.

వడగాలికి వెఱచి కొట్టమును నాలుగు దిక్కుల మూసివేయరాదు. పశువుల యూపిరి, మూత్రముల తేమ లోపల నిలిచినచో చెమట ఆఱదు. వడగాలి వచ్చు దిక్కున మాత్రము గోనెపట్టలు కట్టి తడుపుచుండి, తక్కిన దిక్కులను తెఱచియుంచవలెను.

పని వేళలు, మేత వేళలు

బండిపనిని తెల్లవారుజామున ఆరంభించి తొమ్మిది గంటలకు ముగింపవలెను. సాయంకాలము అయిదు గంటలకు పూర్వము మరల కాడి మోపరాదు. వెన్నెలరాత్రులలో పెంట తోలుకొనుట ఎడ్లకును మనుష్యులకును సుఖము. చిక్కిన యెడ్లబండికి బరువు తగ్గింపవలెను.

వేడి బయటినుండియే గాక పశువు కడుపునుండియు పుట్టును. పెంటకుప్ప లోలోపల మాగి వేడెక్కునట్లు, ఎండుగడ్డి పొట్టలో పులియునపుడు వేడి జనించును. మేసిన కొన్ని గంటలకు అది హెచ్చగును. ఉదయము ఎనిమిది గంటలకు కడుపునిండ వరిగడ్డి మేసిన పశువునకు ఆ వేడియు, మిట్టమధ్యాహ్నపుటెండయు ఒక్కమారే తగులును. కాబట్టి వరిగడ్డి, జొన్నచొప్పలలో ఎక్కువ భాగమును ప్రొద్దుక్రుంకిన పిదప వేయవలెను. పగటివేళ దొరికినంత పచ్చిమేతయు, అవిశ, సుబాబుల్ ఆకులును కొద్దికొద్దిగా నీయవలెను. ఎండుచొప్పను ముక్కలుగా నఱికి తడిపి వేసినచో వృథా తగ్గును.

జొన్న పిలకల విషము

వేసవి జల్లులు పడిన పిమ్మట కోసిన జొన్న మోళ్లనుండి పచ్చని పిలకలు లేచును. పచ్చిమేతకు ముఖము వాచియున్న పశువు వానిపై బడును. లేత పిలకలయందును, నీరు లేక గిడసబాఱిన జొన్నయందును హైడ్రోసయనిక్ ఆమ్లమును పుట్టించు పదార్థము మెండుగా నుండును. మేసిన కొద్ది నిమిషములలోనే పశువు రొప్పి, తూలి, పడి, గిలగిల కొట్టుకొని చచ్చుట గలదు. అట్టి చేనిలోనికి పశువులను తోలరాదు. జొన్న పూతకు వచ్చిన పిదప కోసి వేసిన మేతయందును, బాగుగా ఎండిన చొప్పయందును ఈ యపాయము చాల తక్కువ.

ఇదియు వడదెబ్బయు పైకి ఒకేరీతిగా తోచవచ్చును. వడదెబ్బ తగిలిన పశువు ఒడలు కాలుచుండును. జొన్న విషమున ఒడలు కాలకపోవచ్చును. కాని నోటిలోని చర్మమును, కనుఱెప్పల లోపలి చర్మమును మిక్కిలి యెఱ్ఱగా నుండును. ఈ విషమునకు సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు మందులను పశువైద్యుడు నరములోనికి సూదితో ఎక్కించును. గడియ యాలస్యమైనను ప్రాణము దక్కదు గనుక, నాటుమందులతో కాలము గడపక వెంటనే వైద్యునికి కబురంపవలెను.

వడదెబ్బ: గుర్తులు, చికిత్స

నీడన నిలిచిన పశువు డొక్క కదలికను ఒక నిమిషము లెక్కింపవలెను. చల్లని వేళ అది 30కి లోపుగా నుండును. నీడననున్నను 60 దాటినచో ఎండ బాధించుచున్నదని తెలియవలెను. 80 దాటి, నోరు తెఱచి, నాలుక వ్రేలవేసి, చొంగ కార్చుచున్నచో అపాయము దాపునకు వచ్చినది. నెమరు మానుట, పాలు తగ్గుట ముందుగా కనబడు గుర్తులు. తూలుట, కూలబడుట కడపటివి. అప్పటికి దేహోష్ణము 106 డిగ్రీల ఫారన్‌హీటును మించియుండును.

అట్టి పశువును తక్షణమే నీడకు చేర్చవలెను. లేవలేనిచో దానిపైననే గోనెపట్టలతో నీడ గట్టవలెను. తల, మెడ, డొక్కలు, కాళ్లు చర్మమువఱకు తడియునట్లు బావినీరు పోయుచు, విడువక విసరవలెను. తడిగోనెను వీపుపై కప్పి వదలివేయుట మంచిదిగాదు. కొంతసేపటికి ఆ గోనెయే వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనీయదు. త్రాగగలిగినచో చల్లని నీరు కొంచెము కొంచెముగా నీయవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక ముఖ్యము. కూలబడి మ్రింగలేని స్థితిలో నున్న పశువునకు వెదురుగొట్టముతో మజ్జిగ గాని, అంబలి గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి దిగును. వడదెబ్బనుండి తేఱుకొనవలసిన పశువులు ఈ యుపకారము చేతనే మరణించుట గలదు.

కావలికుక్క

పొలమునందలి మోటారుకొట్టమునొద్దను, కల్లమునొద్దను గొలుసుతో గట్టబడిన కుక్క తనంతట తాను నీడకు పోజాలదు. ఉదయము నీడయున్న చోట మధ్యాహ్నమున ఎండ పడును. కనుక రోజంతయు నీడ నిలుచు చోటనే కట్టవలెను. గొలుసు పొడవుగా నుండవలెను. కుక్కకు పాదముల క్రింద తప్ప చెమట పట్టుట లేదు. నాలుక చాచి రొప్పుటయే దాని చల్లదనము. మంటిమూకుడును సగమువఱకు భూమిలో పాతి నీరు నింపినచో దొర్లక చల్లగా నుండును. మధ్యాహ్నపు తారురోడ్డుపై దానిని నడిపింపరాదు. మన యరచేయి నిలువజాలని నేలపై దాని పాదములును నిలువజాలవు. తలుపులు మూసిన మోటారుబండిలో కుక్కను కొద్దిసేపైనను విడువరాదు.

వడదెబ్బకును చొంగ కాఱును. పిచ్చికుక్కకును చొంగ కాఱును. కావున చొంగ కార్చుచు తూలు కుక్క నోటిలో చేయి పెట్టరాదు. దూరమునుండి నీరు పోయవలెను. కఱచినచో గాయమును సబ్బుతో పాఱు నీట 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. ఇంటి కుక్కకు ఏటేట ఈ వ్యాధికి టీకా వేయించుట ఇంటివారికందఱకు రక్ష.

తొలకరికి పూర్వము టీకాలు

ఎండకు చిక్కిన పశువుపై తొలకరి తడి పడగానే గొంతువాపు, జబ్బవాపు వ్యాధులు విజృంభించును. టీకా గుణము చూపుటకు రెండు మూడు వారములు పట్టును. వ్యాధి పొడసూపిన పిదప పరుగెత్తుటకంటె, రోహిణి కార్తె రాకముందే వేయించుట మేలు. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లనే పశుహీనము గావించిన ముసరవ్యాధి, పట్టుదలతో టీకాలు వేయుటచేత భారతదేశమునుండి తొలగినట్లు 2006వ సంవత్సరమునను, ప్రపంచమునుండియే తొలగినట్లు 2011వ సంవత్సరమునను ప్రకటింపబడినది. దైవికమని తలపోయబడిన కీడు మానవప్రయత్నముచే తొలగుటకు ఇంతకంటె నిదర్శనము వేఱొకటి యక్కఱలేదు.

పైని చెప్పిన వానిలో మిక్కిలి ధనవ్యయముతో గూడిన పని యేదియు లేదు. నీడలో నొక గాబు, నెత్తిపై నొక పందిరి, రాత్రివేళ మేత, కోడికూతతో పని: ఈ నాలుగును ఉన్న యింటి ఎడ్లు మృగశిరనాడు కాడి క్రిందికి తామే మెడ చాచును. పదను రైతుకై వేచియుండదు; పదను వచ్చిననాడు సిద్ధముగా నుండు ఎడ్లను వేసవిలోనే సంపాదించుకొనవలెను.