పాగ్ ఊరు చూసొద్దాం

పటంలో ఇటలీ దేశం బూటు ఆకారంలో కనిపిస్తుంది. ఆ బూటుకు తూర్పు పక్కన సన్నటి సముద్రం ఒకటి ఉంది. దాని పేరు ఏడ్రియాటిక్ సముద్రం. దానికి అవతలి ఒడ్డున క్రొయేషియా అనే చిన్న దేశం ఉంది. ఆ దేశానికి చిన్నా పెద్దా కలిపి వెయ్యికి పైగా దీవులు ఉన్నాయి. అందులో ఒక దీవి పేరు పాగ్. దీవిలో ఉన్న ముఖ్యమైన ఊరి పేరు కూడా పాగే.

ఊరు పెద్దదేం కాదు. జనం మూడు వేల మంది దాకా ఉంటారు. అయినా ఎండాకాలం వచ్చిందంటే ఎక్కడెక్కడినుంచో మనుషులు ఈ ఊరు చూడటానికి వస్తారు. ఈ ఊరికి పేరు తెచ్చినవి రెండు. ఒకటి ఉప్పు. రెండోది లేసు. ఉప్పు కోసం రాజ్యాలు కొట్టుకున్నాయి. లేసును ఆడవాళ్లు గుమ్మంలో కూర్చుని కుట్టారు.

పాగ్ వెళ్లాలంటే ఒకప్పుడు పడవ ఎక్కాల్సిందే. 1968లో దీవికి వంతెన కట్టారు. ఈ వంతెన ఒకసారి దేశాన్నే ఆదుకుంది. 1991లో క్రొయేషియాలో యుద్ధం వచ్చింది. ఒడ్డు వెంట ఉన్న పెద్ద దారిలో మస్లెనిత్సా అనే చోట వంతెన కూలిపోయింది. దేశం ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య దారి తెగింది. అప్పుడు బస్సులూ లారీలూ పాగ్ దీవి మీదుగానే నడిచాయి.

వంతెన దాటగానే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. చెట్టు లేదు, చేమ లేదు. ఎటు చూసినా తెల్లటి బోడి రాళ్లే. దీనికి కారణం గాలి. ఎదురుగా ఒడ్డు మీద వెలెబిట్ అనే పెద్ద కొండల వరస ఉంది. చలికాలంలో ఆ కొండల మీదినుంచి చల్లటి పొడి గాలి దూసుకొస్తుంది. దాన్ని అక్కడివాళ్లు బురా అంటారు. బురా వీస్తే లారీలను కూడా వంతెన మీదికి రానివ్వరు. ఆ గాలి సముద్రపు నీటిని తుంపరగా లేపి దీవి మీద చల్లుతుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పుకు కొండల వైపు నేలంతా బోడి అయిపోయింది.

రాళ్ల సందుల్లో మాత్రం కొంచెం గడ్డీ, వాసన వేసే చిన్న మొక్కలూ బతుకుతాయి. వాటిని గొర్రెలు మేస్తాయి. మేత ఉప్పగా ఉంటుంది. అందువల్ల పాలకు ఒక ప్రత్యేకమైన రుచి వస్తుంది. ఆ పాలతో చీజ్ చేస్తారు. చీజ్ అంటే పాలను విరగ్గొట్టి, నీరు పిండేసి, నెలల తరబడి గట్టిపడనిచ్చేది. మన జున్ను వేరు, ఇది వేరు. 2019లో యూరోపియన్ యూనియన్ పాగ్ చీజ్ పేరుకు రక్షణ ఇచ్చింది. ఇప్పుడు ఇంకెక్కడో చేసిన చీజ్‌ను ఆ పేరుతో అమ్మకూడదు.

ఊరు దగ్గర పడుతుంటే ఉప్పు మడులు కనబడతాయి. నౌపడలోనో, చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవాళ్లకు ఈ పని కొత్త కాదు. సముద్రపు నీటిని లోతు లేని మడుల్లోకి పారిస్తారు. ఎండకూ గాలికీ నీరు చిక్కబడుతుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి వదులుతారు. చివరి మడిలో ఉప్పు తేలుతుంది. ఇప్పుడు అక్కడ కర్మాగారం కూడా ఉంది. పాతకాలంలో పని అంతా చేతులతోనే జరిగేది.

ఉప్పు లేకపోతే ఆ రోజుల్లో చేప నిలవ ఉండదు, మాంసం నిలవ ఉండదు. ఉప్పు ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే. అందుకే పాగ్ కోసం పక్క ఊళ్లు కత్తులు దూశాయి. 1394లో జదర్ నగరం వాళ్లు పాగ్ మీద పడి ఊరిని నాశనం చేశారు. 1409 నుంచి పాగ్ వెనిస్ పాలనలోకి పోయింది. వెనిస్ అంటే సముద్రానికి ఇటలీ వైపున ఉన్న నగరం. అప్పట్లో అది గొప్ప వర్తక రాజ్యం. ఉప్పు వ్యాపారం అంతా తన గుప్పిట్లో పెట్టుకుంది. ఎండలో నిలబడి ఉప్పు తీసింది పాగ్ జనం. లాభం పడవెక్కి వెనిస్‌కు పోయింది. మన దేశంలో 1930లో ఉప్పు సత్యాగ్రహం ఎందుకు జరిగిందో తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

పాత ఊరు అచ్చిరాలేదు. దానికి కొద్ది దూరంలోనే కొత్త ఊరు కట్టాలనుకున్నారు. 1443 మే 18న పునాది రాయి వేశారు. యురాయ్ దల్మాటినాట్స్ అనే పేరున్న శిల్పి ఆ పనిలో ఉన్నాడు. షిబెనిక్ అనే ఊళ్లో గొప్ప చర్చి కట్టించింది కూడా ఆయనే. పాగ్ ఊరిని ముందు గీత గీసుకుని, ఆ తర్వాత కట్టారు. రెండు పెద్ద వీధులు తిన్నగా వచ్చి నడిబొడ్డున కలుస్తాయి. అక్కడ ఒక చావడి లాంటి ఖాళీ స్థలం ఉంది. మిగతా సందులన్నీ తిన్నగానే ఉంటాయి. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా కొత్తవాళ్లు అక్కడ దారి తప్పరు. చుట్టూ ఒకప్పుడు గోడా బురుజులూ ఉండేవి. ఇప్పుడు స్క్రివనాట్ అనే ఒక్క బురుజు మిగిలింది.

పాత ఊరిని మాత్రం జనం మర్చిపోలేదు. ఏటా ఆగస్టు 15న అక్కడి చర్చి నుంచి మేరీమాత విగ్రహాన్ని ఊరేగింపుగా కొత్త ఊరికి తెస్తారు. సెప్టెంబరు 8న మళ్లీ తీసుకెళ్లి దిగబెడతారు. పుట్టింటికి వచ్చి వెళ్లినట్టు ఉంటుంది.

నడిబొడ్డున ఉన్న చర్చి ముందు ఆగి తలెత్తి చూడాలి. పైన గుండ్రటి రాతి కిటికీ ఉంది. రాతితో అల్లిన లేసులా ఉంటుంది. ద్వారం మీద మేరీమాత తన పైవస్త్రం చాపి ఊరి జనాన్ని దాని కింద దాచుకున్నట్టు చెక్కారు. అందులో ఆడవాళ్లు పాగ్ కట్టు బట్టలతోనే ఉన్నారు. రాణులను చెక్కడం ఎక్కడైనా ఉంది. ఊరి ఆడవాళ్లను చెక్కడం అరుదు.

చర్చికి దగ్గర్లోనే పాతకాలపు పాలకుడి భవనం ఉంది. వెనిస్ పంపిన అధికారి అందులో ఉండేవాడు. ఇప్పుడు అందులో లేసు చూపిస్తారు. పాలకుడి గదుల్లో ఊరి ఆడవాళ్ల చేతిపని ఉంది.

ఈ లేసు ఎలా కుడతారు? పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు. గట్టి దిండు ఒకటి కావాలి. చిరుగులు కుట్టే మామూలు సూది కావాలి. సన్నటి గట్టి దారం కావాలి. మొదట్లో గుడ్డలోనే కొన్ని దారాలు లాగేసి, ఆ ఖాళీని సూదితో నింపేవాళ్లు. తర్వాత గుడ్డ లేకుండా ఒట్టి దారంతోనే కుట్టడం వచ్చింది. ముందు సాలెగూడు లాగా దారాలు పరుస్తారు. తర్వాత ఆ గూటిలో వలయాలూ, త్రికోణాలూ, చిన్న చిన్న ముడులూ నింపుతారు. పని చేసేవాళ్లు గీసిన బొమ్మను ఎదురుగా పెట్టుకోరు. లెక్క అంతా తలలోనే ఉంటుంది. ఎన్ని దారాలు, ఎక్కడ తిప్పాలి, ఎక్కడ ఆపాలి, అన్నీ తల్లి దగ్గర చూసి కూతురు నేర్చుకుంది. అరచేయంత ముక్కకే రోజులకు రోజులు పడుతుంది.

ఊళ్లో సెయింట్ మార్గరెట్ అనే కన్యాశ్రమం ఉంది. అక్కడి సన్యాసినులు వందల ఏళ్లుగా లేసు కుట్టారు, ఆడపిల్లలకు నేర్పారు, పాత లేసులను దాచి ఉంచారు. వాళ్లు ఇంకో పని కూడా చేస్తారు. బష్కోటిన్ అనే రస్కు కాలుస్తారు. దాన్ని పాల కాఫీలో ముంచుకు తింటారు. అది ఎలా చేయాలో మాత్రం వాళ్లు బయటకు చెప్పరు!

లేసు మొదట చర్చి బట్టలకు పోయింది. ఊరి ఆడవాళ్ల రవికెల మీదా, తలగుడ్డల అంచుల మీదా కూడా ఉండేది. 1906లో ఊళ్లో లేసు బడి పెట్టారు. పాగ్ అప్పుడు ఆస్ట్రియా-హంగరీ రాజ్యంలో ఉండేది. గొర్రెల పని, ఉప్పు పని, వంటపని అయ్యాక ఆడవాళ్లు దిండు ముందు పెట్టుకునేవాళ్లు. లేసు డబ్బు ఇంటికి వేన్నీళ్లకు చన్నీళ్లలా సాయపడింది. చన్నీళ్లని తీసిపారేయడానికి లేదు. రాళ్ల దీవిలో పంట ఎంత పండుతుంది?

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం లేసు కూడా ఇలాంటిదే. అక్కడ కొక్కెం సూదితో అల్లుతారు, పాగ్‌లో మామూలు సూదితో కుడతారు. అక్కడ నేర్పింది క్రైస్తవ మిషనరీలు. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం ఆడవాళ్ల మీద ఒక పుస్తకం రాసింది. అది 1982లో అచ్చయింది. రోజంతా లేసు అల్లే ఆడవాళ్లను కూడా ఉత్త గృహిణులుగానే లెక్క వేస్తున్నారని ఆమె రాసింది. దారం ఇచ్చేది ఒకరు, సరుకు తీసుకుపోయేది ఒకరు. పై దేశంలో అది ఎంతకు అమ్ముడుపోయిందో అల్లిన మనిషికి తెలియదు.

పాగ్‌లో ఇప్పుడు కనిపించేది వేరు. ఎండాకాలంలో పెద్దవయసు ఆడవాళ్లు గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఒళ్లో దిండు ఉంటుంది. పక్కన తాము కుట్టిన ముక్కలు పెట్టుకుంటారు. కుట్టేదీ తామే, ధర చెప్పేదీ తామే. వచ్చినవాళ్లలో కొందరు ధర విని వెనక్కి తగ్గుతారు. ఇంత ముక్కకు అంతా అంటారు. అది ఎన్ని రోజుల పనో వాళ్లు లెక్క వేసుకోరు. కొనేవాళ్లు చాలామంది దాన్ని అద్దం వేయించి గోడకు తగిలిస్తారు. ఒంటి మీద మెరిసిన లేసు గోడ ఎక్కింది.

2009లో యునెస్కో అనే ప్రపంచ సంస్థ క్రొయేషియా లేసు పనిని మానవజాతి కాపాడుకోవలసిన విద్యల జాబితాలో చేర్చింది. పాగ్‌తో పాటు లెపోగ్లావా, హ్వర్ ఊళ్ల లేసులు కూడా అందులో ఉన్నాయి. హ్వర్‌లో సన్యాసినులు కలబంద జాతి ఆకు నారతో లేసు చేస్తారు. అది విని ఎవరైనా నోరు తెరవాల్సిందే.

జాబితాలో చేరినంత మాత్రాన చేతులు రావు. నేర్చుకునే ఆడపిల్లలు కావాలి. పాగ్‌లో పెద్దవాళ్లు ఏడాది పొడుగునా సాగే తరగతులు నడుపుతున్నారు. చలికాలంలో ఊరు చూడటానికి వచ్చేవాళ్లు ఉండరు. బురా మొదలవుతుంది. గుమ్మం ముందు కుర్చీలు లోపలికి పోతాయి. తలుపులు బిగిస్తారు. దీపం కింద దిండు పెట్టుకుని, పెద్దామె సూది పట్టుకుంటుంది. పిల్ల పక్కన కూర్చుని దారాలు లెక్కపెడుతుంది.