ఎండుపుల్లగా వచ్చే పసుపు గులాబీ

పసుపు గులాబీ అందంగా ఉంటే వాసన ఉండదని ఓ ఫిర్యాదు. 'గ్రాహమ్ థామస్'కి అది వర్తించదు. ఇంగ్లండ్‌లో డేవిడ్ ఆస్టిన్ సృష్టించి 1983లో విడుదల చేసిన రకమిది. పాత గులాబీల మీద పుస్తకాలు రాసిన తోటల నిపుణుడి పేరే దీనికి పెట్టారు. మొగ్గలో కాస్త నారింజ జీర, విచ్చాక చిక్కటి పసుపు, ముక్కుకి దగ్గరగా తెస్తే తేయాకు పరిమళం.

ఇంగ్లండ్‌లో ఉంటూ పెరట్లో దీన్ని పెంచుదామనుకునే మనవాళ్ళు శీతకాలంలోనే మొక్క తెప్పించుకోవడం మేలు. అప్పుడు వచ్చేది కుండీ, మట్టి లేని ఉత్త వేర్లూ, పైన నాలుగు ముళ్ళ పుల్లలూ. డబ్బు దండగ అయిందని కంగారుపడకండి, మొక్క నిద్రలో ఉందంతే. రాగానే రెండు గంటలైనా వేర్లను బకెట్ నీళ్ళలో నాననివ్వండి.

ఎండ బాగా తగిలే చోట అడుగున్నర వెడల్పు, అంతే లోతు గుంట తవ్వి, అడుగున మాగిన పశువుల ఎరువు కలపండి. పాత గులాబీ తీసేసిన గుంటలో మాత్రం వద్దు, కొత్తది గిడసబారిపోతుంది. నేల గడ్డకట్టి ఉంటే నాలుగు రోజులు ఆగండి.

కడియం నర్సరీల మొక్కలు నాటిన చేతులు పొరబడేది ఇక్కడే. వేరుకీ కొమ్మలకీ మధ్య బొడిపెలా కనిపించేది అంటు కట్టిన చోటు. కింద వేరే గులాబీ వేరు, పైన మన రకం. మన వైపు ఆ బొడిపెను నేలకి పైనే ఉంచుతాం. అక్కడ మాత్రం రెండంగుళాలు మట్టిలోకి దించాలి. మంచు దెబ్బ తగలదు, ఈదురుగాలికి మొక్క ఊగదు. గుంట పూడ్చి, మడమతో మెత్తగా తొక్కి, నిండా నీళ్ళు పోయండి.

జూన్‌లో పూత మొదలవుతుంది. వాడిన పువ్వును కింది ఆకు దాకా తుంచేస్తే మళ్ళీ మొగ్గ తొడుగుతుంది. మొదటి విడత పూత అయ్యాక ఇంకోసారి ఎరువు వేయండి. ఆకులపై నల్లమచ్చలు కనిపిస్తే, రాలినవన్నీ ఏరి చెత్తబుట్టలో పడేయండి. మొక్క మొదట్లో వదిలితే తెగులు అక్కడే కాచుక్కూర్చుంటుంది.

రెండో ఏడు నుంచి ఫిబ్రవరిలో, చిగుళ్ళు రాకముందే, కొమ్మల్ని మూడో వంతు కత్తిరించాలి. అంటు కింద నుంచి వేరే పోలిక ఆకులతో పిలక లేస్తే కత్తెర పెట్టకండి, మళ్ళీ గుబురుగా మొలుస్తుంది. మట్టి తప్పించి, వేరు దగ్గర పట్టుకుని చీల్చేయండి.