ఫ్యూజు పెట్టెయు బ్రేకరును

ప్రాత యిండ్ల గోడలపై పింగాణి ఫ్యూజులు నేటికిని గానవచ్చుచున్నవి. వానిని దీసి బ్రేకరు లమర్చుట మేలా యని మే మిచ్చట విచారింతుము.

తీగెలో బుట్టు వేడిమి ప్రవాహముయొక్క వర్గము ననుసరించి హెచ్చునని జౌలు 1841లో దెలిపెను. ప్రవాహము రెండింతలైన వేడిమి నాలుగింత లగును. ఫ్యూజులోని సన్నని తీగె యా వేడిమికి దాను ముందుగా గరగి, గోడలోని తీగెలను గాపాడును. ఉపాయము మంచిదే, దోషమంతయు వాడువారి చేతిలో నున్నది. మాటిమాటికి గరగుచున్నదని విసిగి, దొరికిన లావు తీగెను జుట్టుదురు. (మన యూళ్లలో నిది మిక్కిలి వాడుక.) అంతట గోడలోని తీగెయే ఫ్యూజగును; ఇల్లు కాలుట కదియే చాలును.

బ్రేకరునం దిట్టి యతుకులకు జోటు లేదు. భారము హెచ్చి నిలిచినచో రెండు లోహముల పట్టీ వేడెక్కి వంగి మీటను విడిపించును. తీగెలు కలిసికొనినచో విద్యుదయస్కాంతము రెప్పపాటులో నా పని చేయును. కావున బ్రేకరే మేలు. అయినను 15 ఆంపియర్లు మాత్రమే మోయగల తీగెకు 32 ఆంపియర్ల బ్రేకరు నమర్చిన ఫలమేమి? తొలుత దీగెను బరీక్షింపవలెను. ప్రాత రబ్బరు తొడుగు లెండి పగులుచుండును.

ఇంకొక సంగతి. కొన్ని ప్రాత యిండ్లలో న్యూట్రలునకు గూడ ఫ్యూజు గలదు. అది యొక్కటియే కరగినచో దీప మారును గాని ఫేజు తీగెలో విద్యుత్తు నిలిచియే యుండును. ముట్టినవానిని రక్షించుట సామాన్యపు బ్రేకరు పనియు గాదు. దానికి 30 మిల్లీయాంపియర్లు నేల కారినంతనే తెగు వేరొక పరికరము వలయును.