బెర్లిన్‌లో ఉండి హైదరాబాద్‌కు పనిచేస్తే పన్ను ఎవరికి?

‘జర్మనీలో ఎంఎస్ చేస్తూ ఖాళీ సమయంలో హైదరాబాద్ కంపెనీకి డిజైన్లు చేసిస్తాను. డబ్బులు ఇండియా ఖాతాలోనే పడతాయి. ఇక జర్మనీకి పన్నెందుకు?’ చాలామంది విద్యార్థుల లెక్క ఇది. కానీ పన్ను అధికారులు ముందు చూసేది క్లయింటునో, బ్యాంకునో కాదు, మీరు ఎక్కడ నివసిస్తూ పని చేస్తున్నారన్నది. జర్మనీలో స్థిర నివాసం ఉంటే ప్రపంచంలో ఎక్కడి నుంచి వచ్చిన ఆదాయమైనా అక్కడ చూపాల్సిందే.

ముందు అనుమతి

విద్యార్థి వీసాపై ఏడాదికి 140 పూర్తి రోజుల వరకు ఉద్యోగం చేయవచ్చు. ఫ్రీలాన్సింగ్ ఆ లెక్కలోకి రాదు. దానికి విదేశీయుల కార్యాలయం నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. తర్వాత పని మొదలుపెట్టిన నెలలోగా ఎల్‌స్టర్ పోర్టల్‌లో పన్ను కార్యాలయానికి, అంటే ఫినాన్‌జామ్ట్‌కు, వివరాలిస్తే పన్ను నంబరు వస్తుంది.

ఎంత, ఎప్పుడు?

ఖర్చులు పోగా మిగిలిన ఆదాయం 2026లో 12,348 యూరోలు దాటకపోతే ఆదాయపు పన్ను ఉండదు. ఆపైన 14 శాతంతో మొదలై రేటు క్రమంగా పెరుగుతుంది. ఉద్యోగికి కంపెనీయే పన్ను కోసుకుని జీతమిస్తుంది. ఫ్రీలాన్సర్‌కు ఆ సౌకర్యం లేదు. పన్ను కార్యాలయం ముందస్తు చెల్లింపులు నిర్ణయిస్తే మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు 10వ తేదీల్లో కట్టాలి. అందుకే వచ్చిన ప్రతి చెల్లింపులో కొంత విడిగా దాచండి. టర్నోవర్ 25,000 యూరోల లోపుంటే ‘చిన్న వ్యాపారి’ వెసులుబాటు కింద బిల్లులో 19 శాతం వ్యాట్ వేయనక్కర్లేదు.

ఇండియా సంగతి

హైదరాబాద్ క్లయింట్ టీడీఎస్ కోయవచ్చు. అలాగని ఒకే ఆదాయంపై రెండుసార్లు నష్టపోనక్కర్లేదు. భారత్, జర్మనీల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ఉంది. సాంకేతిక సేవల రుసుముపై ఇండియాలో పన్ను 10 శాతం మించకూడదని అది చెబుతోంది. ఆ ప్రయోజనం కావాలంటే జర్మనీలో పన్ను నివాసి అన్న ధ్రువపత్రం క్లయింట్‌కు ఇవ్వాలి. టీడీఎస్ సర్టిఫికెట్ భద్రపరిస్తే జర్మనీ రిటర్నులో సర్దుబాటు కోరవచ్చు.

బయల్దేరే తేదీ కూడా ముఖ్యమే. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉంటే ఆ ఏడాదికి మీరు ఇక్కడి నివాసే. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు లెక్కిస్తే 183 రోజులు. అంటే అక్టోబరులో విమానమెక్కేవారు ఆ ఏడాది జర్మనీ సంపాదనను ఇండియా రిటర్నులోనూ చూపాలి. అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగాలి. కాబట్టి పాస్‌పోర్టు స్టాంపులు, ఇన్‌వాయిస్‌లు, పన్ను రసీదులు మొదటి రోజు నుంచే ఒకే ఫైల్లో పెట్టుకోండి. రెండు దేశాల్లోనూ రిటర్ను వేసేటప్పుడు అడిగేది వాటినే.