పగడపు దిబ్బలకు కాపలా: హైదరాబాద్‌లోనూ కొలువుంది

మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. వాటికి ముప్పు ముంచుకొస్తోందని హెచ్చరించే కేంద్రం మాత్రం హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్. సముద్రశాస్త్రం అనగానే ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని నీళ్లలో దూకడమే అనుకునే విద్యార్థులకు ముందుగా చెప్పాల్సిన మాట ఇదే.

పగడపు జీవి ఒంట్లో సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. దాని రంగు, తిండి చాలావరకు వాటి చలవే. నీటి వేడి అక్కడి మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ పెరిగి వారాల తరబడి దిగకపోతే, పగడం ఆ శైవలాలను వదిలించుకుని తెల్లబారుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకుంటే చచ్చిపోతుంది. 1998, 2010, 2016ల్లో మన దిబ్బలు ఇలాగే దెబ్బతిన్నాయి. 2024లో లక్షద్వీప్ దిబ్బలు మళ్లీ తెల్లబారాయి. అందుకే వేడి ఎంత పెరిగింది, ఎన్ని వారాలు నిలిచింది అన్న రెండింటినీ కలిపి ‘డిగ్రీ హీటింగ్ వీక్స్’గా లెక్కగడతారు. అది 4కు చేరితే తెల్లబారే ప్రమాదం, 8కి చేరితే పెద్దఎత్తున చావులు. ఉపగ్రహ సమాచారంతో ఈ లెక్క తేల్చే పనికి ఎంపీసీ విద్యార్థే కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్రశాస్త్ర విభాగం అలాంటివారి కోసమే ఉంది.

బైపీసీవాళ్లకు మెరైన్ బయాలజీ దారి. అన్నామలై విశ్వవిద్యాలయం పరంగిపేట కేంద్రం, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పోర్ట్ బ్లెయిర్ ప్రాంగణం పేరున్నవి. నీటి అడుగున టేపు పరిచి, దాని కింద పగడమెంత, నాచెంత, ఇసుకెంత అని నమోదు చేయడం వీళ్ల రోజువారీ పని. మన్నార్‌లో తూత్తుకుడి పరిశోధకులు దెబ్బతిన్న చోట పగడపు ముక్కలు నాటి పెంచుతున్నారు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి చిన్న నమూనా తీయాలన్నా అనుమతి తప్పనిసరి.

ఒక సంగతి దాచకూడదు. మొదట్లో దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టు ముగిస్తే మళ్లీ వెతుక్కోవాలి. సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే పీహెచ్‌డీ కాలమైనా నిశ్చింతగా గడుస్తుంది. డైవింగ్ సర్టిఫికెట్ కోసం అప్పు చేసేకంటే ముందు స్టాటిస్టిక్స్, పైథాన్, జీఐఎస్ నేర్చుకోవడం మేలని నా గట్టి నమ్మకం. డైవింగ్ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

డిగ్రీ చదువుతున్నవారు ఈ సెలవుల్లో ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో పగడాల హెచ్చరికలు తెరిచి, ఏ ద్వీపం దగ్గర నీరు ఎంత వేడెక్కిందో చదవడం మొదలుపెట్టండి.