మేకలు పెట్టబోయే వేముల కుర్రవాడికి

వేముల మండలంలో మేకకు గడ్డుకాలం ఎండాకాలమే. వానలప్పుడు బీళ్లలో రేగు, తుమ్మ దొరుకుతాయి. ఎండలు ముదిరాక బుడ్డల కట్టె, ఎండు చొప్పే దిక్కు. ఆ లోటు తీర్చేది పాతర గడ్డి, అంటే సైలేజి. దాని మంచిచెడ్డలు మేక ఒంటి మీద కనబడేలోపే నెత్తురులో తెలుస్తాయి.

మొక్కజొన్న గింజలో పాలు గట్టిపడుతున్నప్పుడు కోసి, సన్నగా నరికి, గాలి చొరకుండా తొక్కితే లాక్టిక్ ఆమ్లం పుట్టి పీహెచ్ 4 దాకా దిగుతుంది. ఆరేడు వారాల్లో మేత మాగుతుంది. మేక తిన్నాక పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాన్నుంచి తీసే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కాలేయం గ్లూకోజుగా మారుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మేక నెత్తురులో 100 మి.లీ.కు సుమారు 50–75 మి.గ్రా. గ్లూకోజు ఉంటుంది. మేత మారినా కాలేయం ఈ అంకెను అంత తేలిగ్గా కదలనివ్వదు. దాన్ని చూసి మేత బాగుందనుకోవడం తొందరపాటు.

అసలు చూడవలసింది యూరియా నత్రజని. మామూలుగా అదే కొలతలో 10–20 మి.గ్రా. మొక్కజొన్న పాతరలో మాంసకృత్తులు ఎండు బరువులో 8 శాతం దగ్గరే. అదొక్కటే వేస్తే యూరియా పడిపోతుంది, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది. అలసంద, సుబాబుల్ రొట్ట కలిపి పాతరేస్తే మాంసకృత్తులు పెరుగుతాయి. కానీ మాగేటప్పుడే మాంసకృత్తులు చాలావరకు విడిపోతాయి గనుక పొట్టలో అమ్మోనియా గబగబా పుడుతుంది. సూక్ష్మజీవులకు అదే పూట పిండి పదార్థం అందకపోతే అమ్మోనియా నెత్తురుకెక్కుతుంది, కాలేయం దాన్ని యూరియా చేస్తుంది, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. డబ్బు పోసి పండించిన మేత దొడ్డి నేలపాలైనట్టే. మొక్కజొన్నా, పప్పుజాతి రొట్టా జతగా ఉండాలనేది ఇందుకే. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషం ఉంటుంది. మేతలో మూడో వంతు మించరాదు.

మొక్కజొన్నలో కాల్షియం తక్కువ. బుడ్డల కట్టె కొంత పూడుస్తుంది, మిగతాది ఖనిజ మిశ్రమంతో.

నెత్తురు పొద్దున్నే, మేత వేయకముందు తీయించాలి. తీసి ఊరికే ఉంచితే అందులోని కణాలే గ్లూకోజును తినేస్తాయి. ఫ్లోరైడు గొట్టంలో పట్టకపోతే అంకె తప్పు చూపిస్తుంది.

గాలి తగిలి పాడైన పాతరలో లిస్టీరియా పెరుగుతుంది. అది సోకిన మేక తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది. బూజు పొర ఎంత మందమున్నా తీసి పారేయాల్సిందే. ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. మంద కొనేవాడు పాతర తవ్వకముందే అక్కడి వైద్యులను కలిసి మేత లెక్క రాయించుకోవడం మంచిది.